జీతం లేని కర్తవ్యం

రాజ్యం తన సేవకునికి వేతనమివ్వకుండా పని కోరవచ్చునా? అమెరికాలో ఈ ప్రశ్న మాటిమాటికీ తలెత్తుతున్నది. అక్కడ చట్టసభ నిధులు మంజూరు చేయకుంటే ప్రభుత్వ కార్యాలయాలు మూతపడతాయి. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు పాక్షికంగాను, 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు మరల ఇదే జరిగింది.

మొదటి ఉదంతంలో సుమారు 8 లక్షల ఉద్యోగులకు సకాలంలో జీతాలందలేదు. జాతీయోత్పత్తికి 1,100 కోట్ల డాలర్ల నష్టం కలిగిందనీ, అందులో 300 కోట్లు తిరిగి రానివనీ కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. అయితే అన్యాయం అంకెలకు అందదు. విమానాల రాకపోకలను నియంత్రించేవారు అత్యవసర సిబ్బంది గనుక జీతం లేకుండానే పనిచేశారు. అత్యవసరం కానివారు ఇంట కూర్చున్నారు. ఉభయులకూ బకాయి తరువాత ముట్టింది. ఆ కార్యాలయాలను ఊడ్చే కాంట్రాక్టు కార్మికునికి ఆ హామీ కూడా లేదు. 2025 నవంబరులో సుమారు 4.2 కోట్ల పేదలకు ఆధారమైన ఆహార సహాయానికీ ఆటంకం కలిగింది.

ఖజానాపై అదుపు చట్టసభకు ప్రాణం, దానిని కాదనలేము. కాని ఇద్దరి వివాదంలో మూడవవాని అన్నం పణం కావడం ధర్మం కాదు. మన పద్ధతిలో లోక్‌సభ నిధులు నిరాకరిస్తే దిగిపోవలసింది మంత్రివర్గం. 116వ అధికరణం తాత్కాలిక వ్యయానికి దారి చూపుతుంది. అయినా మనం గర్వించరాదు. బిల్లు రాలేదన్న మాటతో కాంట్రాక్టు కార్మికుని జీతం నిలిచిపోయే కార్యాలయాలు ఇక్కడా ఉన్నాయి. బకాయి ఎప్పుడైనా చెల్లించవచ్చు. గడచిపోయిన పూట భోజనాన్ని చెల్లించలేము. సంతకం చేసే చేతికి ఈ ఎరుక ఉండాలి.