శిక్ష లేని మాటకు విలువెంత?

మనిషి ఇచ్చిన మాటను నిలబెట్టుకునేది శిక్షకు భయపడా, ధర్మమనా అన్నది నీతిశాస్త్రంలో పాత ప్రశ్న. దేశాల మధ్య ఈ ప్రశ్నకు ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక, అంటే ఎపెక్, మంచి ఉదాహరణ. 1989లో కాన్‌బెర్రాలో 12 మంది సభ్యులతో మొదలైన ఈ వేదికలో ఇప్పుడు 21 ఆర్థిక వ్యవస్థలున్నాయి. భారత్ ఇందులో లేదు. నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరుగుతాయి. మాట తప్పినవారిని దండించే న్యాయస్థానమేదీ లేదు.

1994లో ఇండొనేషియాలోని బోగోర్‌లో నాయకులు గడువులు పెట్టుకున్నారు. వాణిజ్యానికీ పెట్టుబడులకూ సంపన్న సభ్యులు 2010 నాటికి, వర్ధమాన సభ్యులు 2020 నాటికి దారులు తెరవాలి. సమానత్వమంటే అందరి భుజాల మీదా ఒకే బరువు మోపడం కాదన్న న్యాయభావన ఈ తేడాకు ఆధారం.

వాణిజ్యంలో పొరుగువారికి ఇచ్చే మినహాయింపు బయటివారికి అన్యాయం కాదా అన్నది రెండో చిక్కు. పరదేశిని శత్రువుగా చూడరాదని 1795లో తత్వవేత్త కాంట్ వాదించాడు. సడలింపులు సభ్యులకే పరిమితం కానక్కరలేదన్న ‘బహిరంగ ప్రాంతీయవాదం’ ఎపెక్ ఇచ్చిన జవాబు.

ఫలితం మిశ్రమం. సగటు సుంకాలు బాగా తగ్గాయి. వ్యవసాయం, సేవల రంగాల్లో అడ్డంకులు మిగిలాయి. 2020లో సభ్యులు 2040 నాటికి కొత్త లక్ష్యం ప్రకటించారు. దండన లేని మాట కొంతమేరకే నిలిచింది.