మర్యాదాగిరులు – మన బెజవాడ

భాగవత పంచమస్కంధమున జంబూద్వీప వర్ణనమును చదివిన భక్తులకు ‘మర్యాదాగిరులు’ అను మాట పరిచితమే. నీలము, శ్వేతము, శృంగవంతము అను పర్వతములు ఒక వర్షమును మరియొక వర్షమునుండి వేరుచేయుచు నిలిచియున్నవని అందు చెప్పబడినది. వ్యవహారమున మర్యాద యనగా పెద్దలయెడ చూపెడి గౌరవము. సంస్కృతమున ఆ శబ్దమునకు ఎల్ల, హద్దు అని యర్థము. దీనిని గ్రహించుటకు మేరువు దాక పోనక్కరలేదు. బందరులో బస్సెక్కి బెజవాడ పోయిన చాలును.

బందరు, గుడివాడ, దివిసీమల వారమైన మనకు కొండ యనునది కనులకు కరువు. దుర్గమ్మ దర్శనమునకు పోయినవారము మెట్లు లెక్కించుకొనుచు ఎక్కి దిగుదుమేకాని, ఆ నగరమును చుట్టియున్న గిరులను నిలిచి చూడము. పడమట ఇంద్రకీలాద్రి, అర్జునుడు పాశుపతమునకై తపస్సు చేసిన తావని ప్రతీతి. ఆవలి యొడ్డున సీతానగరము కొండ. ఊరి నడుమ గాంధీకొండ. 1968లో స్తూపము వెలసినది దానిపైననే, పూర్వము ఓర్ కొండ యనెడివారు. తూర్పునకు పోగా మాచవరము కొండ, గుహాలయములుగల మొగల్రాజపురము కొండ, గుణదల. వాయవ్యమున కొండపల్లి పంక్తి. ఏటికావల దక్షిణమున ఉండవల్లి, మంగళగిరి. ఈ వలయము పూర్తిగా మూసికొనలేదు, ఆగ్నేయమున తెరచియున్నది. ఆ తెరపినుండి మొదలగునదే మన డెల్టా.

ఇంద్రకీలాద్రికి, సీతానగరమునకు నడుమ కృష్ణవేణి ఇరుకున పడును. ఆ యిరుకుననే 1852లో ఆనకట్ట పని మొదలిడి 1855 నాటికి ముగించిరి. ఆ పనిని నడపినవాడు కెప్టెన్ ఓర్ అను దొర. 1957లో ప్రకాశం బారేజి దాని స్థానమున వచ్చెను. ఏలూరు, రైవసు, బందరు కాలువలు నగరమును చీల్చుకొని మనవైపు సాగును. పులిగడ్డ అక్విడక్టు మీదుగా ఏటిపాయను దాటి దివిసీమ చేరు నీరును ఈ కొండల నడుమ నిలిచినదే. మన యింట సాలగ్రామమునకు అభిషేకించు నీరు ఎక్కడిదని పిల్లవాడు అడిగినచో ఆ దిక్కునకే చేయి చూపవలెను.

వైష్ణవులు తప్పక చూడవలసినది ఉండవల్లి. కొండనే తొలిచి నాలుగంతస్తులుగా మలచినారు. విష్ణుకుండినుల కాలపుదని చరిత్రకారులు చెప్పుదురు. పై అంతస్తులలో నొకట, చీకటిలో, ఏకశిలయందు అనంతశయనుడు పవళించియున్నాడు. ఇచట రాతిని తెచ్చి మూర్తిని చేయలేదు; అక్కరలేని రాతిని తొలగింపగా కొండలో స్వామి మిగిలెను. కనులు చీకటికి అలవాటుపడువరకు నిలువవలెను. తొందరపడి దిగిపోవువారికి శేషుని పడగలైన కానరావు. మంగళగిరి పానకాలస్వామి మహిమ అందరెరిగినదే, విస్తరింపను.

కొండపై పడిన వాన పల్లమునకు దిగవలసినదే. మైలవరపు కొండల నీటిని తెచ్చు బుడమేరు నగరపు ఉత్తరభాగమును ఒరసి కొల్లేటికి పోవును. 2024 సెప్టెంబరు 1న దానికి గండ్లుపడి సింగునగరు మొదలగు పేటలు దినములతరబడి నీట నుండెను. మరునాడు బారేజినుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయెను. బారేజి కట్టిన పిదప అంతటి వరద లేదు. కొందరు దైవాగ్రహమనిరి. నేనట్లు తలపను. కొండలు తమ తావుననే యున్నవి, ఏరు తన పల్లమునే వెదకికొన్నది. చౌకయని పల్లపునేలను కొనిన పేదలను నిందించుటయు తగదు. ఏటి త్రోవను నివేశనములుగా కోసి అమ్మినవారు, అమ్మనిచ్చినవారు హద్దు తప్పిరి.

దివిసీమకు కొండల కాపుదలయు లేదు. 1977 నవంబరు 19న సముద్రము పైకి వచ్చినపుడు అడ్డుకొనుటకు ఒక గుట్టయైన లేకపోయెను. మాఘపూర్ణిమకు హంసలదీవి వేణుగోపాలుని సేవించి సాగరసంగమమున మునుగువారు ఒకసారి నాలుగు దిక్కులు చూడుడు. రెండు కొండల నడుమ ఒదిగి వచ్చిన కృష్ణ అచట ఇసుకమేటల, మడచెట్ల నడుమ ఒడ్డేదో నీరేదో తెలియకుండ పరచుకొని కడలిలో కలియుచుండును.