మృతకవి కాగితాలు

1849 అక్టోబరు 7వ తేదీన, అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, వాషింగ్టన్ కాలేజీ ఆసుపత్రిలో ఎడ్గార్ ఎలన్ పో మరణించాడు. అంతకు నాలుగు రోజుల ముందు, ఎన్నికల దినాన, పోలింగు జరుగుతున్న ఒక పానశాల వద్ద ఒళ్లెరుగని స్థితిలో కనిపించగా అతడిని అక్కడికి చేర్చారు. నలభై ఏళ్లకే ముగిసిన ఆ జీవితానికి అంతిమ కారణమేమిటో నేటికీ నిర్ధారణ కాలేదు. మరునాడు జరిగిన అంత్యక్రియలకు వచ్చినవారిని వేళ్లమీద లెక్కించవచ్చు. 9వ తేదీన న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో 'లుడ్విగ్' అనే మారుపేరుతో ఒక సంస్మరణ వ్యాసం వెలువడింది. పోకు మిత్రులు దాదాపు లేరని, అతడు ఎవరినీ ప్రేమించలేని, నీతినియమాలు లేని మేధావి అని చిత్రించడం దాని ధోరణి. అందులోని స్వభావచిత్రణ కొంతమేరకు అదే సంవత్సరం వెలువడిన బుల్వర్ లిటన్ నవల లోని ఒక పాత్ర వర్ణన నుంచి ఎత్తి తెచ్చినది.

లుడ్విగ్ అసలు పేరు రూఫస్ గ్రిస్వోల్డ్. 1842లో అమెరికా కవుల సంకలనం ప్రచురించి పేరు గడించిన సంపాదకుడు. ఆ సంకలనాన్ని పో ఉపన్యాసాలలో ఎద్దేవా చేశాడు. అదే ఏడు పో విడిచిపెట్టిన గ్రాహమ్స్ పత్రిక సంపాదక స్థానానికి గ్రిస్వోల్డ్ వచ్చాడు. ఇద్దరి మధ్య పైకి మర్యాద, లోపల వైరం. శత్రువు శత్రువుగానే మాట్లాడితే అందులో వింత లేదు. వింత ఏమిటంటే, కొద్ది రోజులు తిరక్కుండానే ఆ శత్రువే మృతుని కాగితాలకు సంరక్షకుడయ్యాడు.

పోకు మేనత్త, అత్తగారు కూడా అయిన మరియా క్లెమ్ 1849 అక్టోబరులో గ్రిస్వోల్డ్‌కు పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చింది. చట్టరీత్యా వారసురాలు ఆమె కాదు, పో చెల్లెలు రోజలీ. క్లెమ్ చేతిలో ఉన్నవి రాతప్రతులు, తన చేత్తో అన్నం పెట్టి సాకిన బంధం మాత్రమే. ప్రచురణ వల్ల నాలుగు డబ్బులు వస్తాయని ఆమె ఆశించింది. 1850లో వెలువడిన సంపుటాలలో మూడవదానికి గ్రిస్వోల్డ్ ఒక జీవితచరిత్ర జోడించాడు. పోను వర్జీనియా విశ్వవిద్యాలయం నుంచి బహిష్కరించారని అందులో రాశాడు. వాస్తవానికి అతడు 1826లో జూదపు అప్పులపాలై, పెంపుడు తండ్రి జాన్ ఎలన్ ఫీజు కట్టనందున చదువు మానుకున్నాడు. సైన్యం నుంచి పారిపోయాడనీ రాశాడు. వాస్తవానికి రెజిమెంటు సార్జెంట్ మేజర్ హోదాకు ఎదిగి, తన బదులు మరొకరిని పెట్టి, 1829లో సక్రమంగా విడుదల పొందాడు.

ఇవన్నీ తప్పుడు వార్తలు. వీటిని ఖండించవచ్చు, ఎన్.పి. విల్లిస్, జార్జ్ గ్రాహమ్, తర్వాత 1860లో సారా హెలెన్ విట్మన్ ఖండించారు కూడా. గ్రిస్వోల్డ్ అంతటితో ఆగలేదు. పో తనకు రాసిన ఉత్తరాలలో లేని వాక్యాలు చేర్చి అచ్చువేశాడు. ఆ వాక్యాలలో పో గ్రిస్వోల్డ్‌ను పొగిడాడు, సొంత స్నేహితులను చాటుగా నిందించాడు. కల్పిత పో సాక్ష్యమివ్వగా అసలు పో దోషిగా నిలిచాడు.

ఇక్కడే నీతిశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న మొదలవుతుంది. మృతుని గురించి కటువుగా మాట్లాడడం నేరమా? కాకూడదు. అలాగైతే చరిత్ర అనే శాస్త్రమే ఉండదు. పో జీవితంలో విమర్శకు తావిచ్చేది తక్కువేమీ కాదు. 1845లో లాంగ్‌ఫెలోపై అతడు సాగించిన గ్రంథచౌర్యపు ఆరోపణలు చాలావరకు నిరాధారం. ఆ ఏడే బోస్టన్‌లో కొత్త కవిత చదువుతానని పిలిపించుకొని యౌవనంలో రాసిన పాతదాన్ని చదివి, పైగా అది శ్రోతలను ఆటపట్టించడానికేనని చెప్పుకొన్నాడు. అంతకంటే విశేషం, కాగితాలపై మొదటి అబద్ధం అతడిదే. 1841లో తన జీవిత వివరాలు కోరిన గ్రిస్వోల్డ్‌కే, 1809లో పుట్టిన పో, 1811లో పుట్టానని రాసి ఇచ్చాడు. గ్రీకుల స్వాతంత్ర్య సమరంలో చేరడానికి బయలుదేరి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరానని కూడా చెప్పుకొన్నాడు. ఆ కాలంలో అతడున్నది అమెరికా సైనిక శిబిరాలలో, మారుపేరుతో.

అయినా ఈ రెండు అబద్ధాలు ఒక తూకానికి తూగవు. బతికున్నవాడు తన గురించి చెప్పుకొన్న గొప్పను ఎవరైనా నిలదీయవచ్చు, అతడు సిగ్గుపడనూ వచ్చు. మృతుని చేతిరాతను దిద్దినవాడిని నిలదీయగల ఒకే ఒక్క సాక్షి సమాధిలో ఉన్నాడు. అభిప్రాయం ఎంత విషపూరితమైనా అది చెప్పినవాడి పేరుమీదనే ఉంటుంది. దిద్దిన ఉత్తరం మృతుని సంతకంతో నడుస్తుంది. కాగితాలు చేతిలో ఉన్నవాడికి, అతడు వారసుడైనా గుమాస్తాయైనా, ఇతరులకు లేని ఒక అధికారం దానంతటదే వస్తుంది. దాని దుర్వినియోగానికి వేరే పేరు ఉండాలి.

చట్టం ఈ విషయంలో అంత దూరం పోలేదు. ఆంగ్ల న్యాయంలో మృతుని పరువు నష్టానికి దావా లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్ మొదటి వివరణ ఒక అడుగు ముందుకు వేసింది. బతికి ఉంటే పరువు పోయేదిగా ఉండి, కుటుంబీకుల మనసు నొప్పించే ఉద్దేశంతో మోపిన అపవాదు మృతునిపై మోపినా నేరమే అంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ కూడా ఆ వివరణను నిలుపుకొంది. గమనించదగినది ఆ నొప్పి ఎవరిదన్న సంగతి. చట్టం చూసేది బతికున్న బంధువుల బాధను. మృతుడు అక్కడ కక్షిదారు కాడు. తెలుగులో కీర్తికాయం అనే మాట ఉంది. కాయమన్నాక గాయమూ తగులుతుంది. ఆ గాయాన్ని నమోదు చేసే కచేరీ మాత్రం ఈ చట్టాలలో కనిపించదు.

గ్రిస్వోల్డ్ చిత్రణ ఇంతకాలం నిలవడానికి పో కథలే సహాయపడ్డాయి. 1843 నాటి 'టెల్ టేల్ హార్ట్', 'బ్లాక్ క్యాట్' రెండూ హంతకుడి నోట నడిచే కథలు. మొదటి కథలో తనకు పిచ్చి లేదని హంతకుడు ప్రతి వాక్యంలోనూ నిరూపించబోయి ప్రతి వాక్యంలోనూ ఓడిపోతాడు. అలా ఓడించాలంటే రచయిత అతడికంటే ఎంతో స్థిరచిత్తుడై ఉండాలి. 1846లో రచనావిధానంపై వెలువరించిన వ్యాసంలో పో 'ద రేవెన్' కవిత నిర్మాణాన్ని గణిత సమస్యలా విప్పి చూపాడు. అది కొంత అతిశయోక్తే కావచ్చు, కాని ఉన్మాది ఊహ కాదు. అయినా పాఠకలోకం కథలోని 'నేను'ను రచయితగా చదివింది. 1933లో మరీ బొనపార్ట్ మనోవిశ్లేషణ గ్రంథం కూడా కథలను రోగి చరిత్రలుగానే చదివింది.

మిత్రపక్షం ఇంకొక తరహా అన్యాయం చేసింది. 1856లో బోదలేర్ తన ఫ్రెంచి అనువాదానికి రాసిన పీఠికలో గ్రిస్వోల్డ్‌ను తీవ్రంగా దూషించాడు. అయితే గ్రిస్వోల్డ్ గీసిన శాపగ్రస్త తాగుబోతు మూర్తిని చెరపలేదు. దానికే పూలమాల వేశాడు. పో కీర్తి ఆ రూపంలోనే దేశాలు దాటింది. మలార్మే 1875లో 'రేవెన్'ను ఫ్రెంచిలోకి తెచ్చాడు. జపాన్‌లో హిరాయి తారో ఏకంగా ఎడొగావా రాంపో అని పో పేరునే కలంపేరుగా ధరించాడు. బెంగాలీలో జీవనానందదాస్ 'వనలతా సేన్' కవిత పక్కన విమర్శకులు పో హెలెన్ కవితను పెట్టి చదువుతారు. తెలుగులో పో ప్రవేశించింది మాత్రం పక్కదారిన: అతడు 1841లో సృష్టించిన డ్యూపిన్ నుంచి కొనన్ డాయల్ షెర్లాక్ హోమ్స్, ఆ హోమ్స్ వాట్సన్‌ల సంప్రదాయంలో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, రాజు. ఆ నవలలు చదివిన ఎందరికో పో పేరు తెలియకపోవచ్చు. అపవాదు అంటని వారసత్వం బహుశా ఇదొక్కటే.

లండన్ తపాలా శాఖలో ఉద్యోగి అయిన జాన్ ఇంగ్రమ్ ఆఫీసు వేళలు పోగా మిగిలిన కాలమంతా పో నిర్దోషిత్వానికి ధారపోశాడు. సముద్రానికి ఆవలనున్న వృద్ధ మహిళలతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపి ఆధారాలు సేకరించి 1880లో రెండు సంపుటాల జీవితచరిత్ర వెలువరించాడు. కృషి గొప్పదే, కాని అభిమానం కొద్దీ లోపాలను కప్పిపుచ్చాడు. వకీలు వాదనలు న్యాయాధికారి తీర్పు కావు. ఆ పని 1941లో ఆర్థర్ హాబ్సన్ క్విన్ చేశాడు. మిగిలిన మూల ఉత్తరాలను, గ్రిస్వోల్డ్ అచ్చువేసిన పాఠాన్ని పక్కపక్కన పెట్టి చూపాడు. ఎవరినీ తిట్టనవసరం లేకపోయింది. గ్రిస్వోల్డ్ 1857లోనే చనిపోయాడు. అతడు దాచిన కాగితాలు చివరకు బోస్టన్ ప్రజా గ్రంథాలయం చేరాయి. 1844 నాటి పో కథ 'పర్లాయిన్డ్ లెటర్'లో దొంగిలించిన ఉత్తరం, పైరూపు మార్చుకొని, అందరి కళ్లెదుటే ఉంటుంది.

మరియా క్లెమ్‌కు ఆ ప్రచురణ వల్ల ముట్టింది డబ్బు కాదు, అమ్ముకోవడానికి కొన్ని గ్రంథ ప్రతులు. తన బిడ్డగా పెంచినవాడిపై వేసిన నిందలు మూడవ సంపుటంలో ఉన్న ఆ పుస్తకాలే ఆమెకు దక్కిన ప్రతిఫలం. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పరుల ఇళ్లలో, పరుల దయమీద గడిపి, 1871లో బాల్టిమోర్‌లో చర్చి నడిపే ఒక అనాథాశ్రమంలో ఆమె కన్నుమూసింది. ఆ భవనం పూర్వం వాషింగ్టన్ కాలేజీ ఆసుపత్రి.