ముందుమెట్టు

పండగ అలంకరణ ఎవరికోసమండీ? ఇంట్లోవాళ్ళకా, వచ్చేవాళ్ళకా?

సంక్రాంతి బొమ్మల కొలువుకని మా అమ్మాయి చాక్లెట్ల వెండికాగితాలు దాచి, గోటితో ముడతలు సాపుచేసి, అట్టకి అంటించి చందమామను చేసింది. రేకు సిరాను పీల్చుకోదు కదా, దిద్దిన ఎర్రంచు కాస్తా జారి మరకలైంది. పేరంటాళ్ళొచ్చే వేళకి నేను దాన్ని కొండపల్లి అంబారీ ఏనుగు వెనక్కి నెట్టి, ఆ చోట బజారులో కొన్న తళుకుదండ వేశాను. అందరూ మెచ్చుకున్నారు. పిల్ల మాత్రం సిరా వేళ్ళు గౌనుకి తుడుచుకుంటూ ఊరుకుంది.

అందం కోసమే అనుకున్నాను గానీ, నేను కాపాడుకున్నది నా పరువు. కనుమనాడు చందమామను ముందుమెట్టు మీదికి తెచ్చాను.

"పేరంటం అయిపోయిందిగా అమ్మా!" అంది.

తప్పు దిద్దుకోవడానికీ ఓ వేళ ఉంటుందని అప్పుడు తెలిసింది.