కాటుకను చూడని కన్ను

శాలిబండలోని మా పాతయింటి ముంగిట, షాబాదు బండలమీద, ఒక ఆదివారము ప్రొద్దుట ఇంటిల్లిపాదియు మోకాళ్లమీద ప్రాకుచుండగా చూచిన పొరుగువారు మేమేదో క్రొత్త వ్రతము పట్టితిమని తలచియుందురు. నిజమునకు మేము వెదకుచుండినది సెంటీమీటరు వెడల్పైనను లేని ఒక పారదర్శకపు బిళ్లను. మా మేనకోడలు కంటిలో నిలుపబోయి జారవిడిచిన లెన్సు అది. లోకమునెల్ల కనబరుపవలసిన వస్తువునకు తాను కనబడకుండుటయే యోగ్యత గదా యని నాకు తోచినను, నడుము పట్టుకొని లేచుచున్న మా యక్క ఎదుట ఆ మాట పైకి అనుటకు ధైర్యము చాలలేదు. అరగంటకు అది పిల్ల చున్నీ అంచునకే అంటుకొని దొరికినది.

ఈ పిల్లకు లెన్సు సోకు కాదు. కంటి నల్లగ్రుడ్డుపై గడియారపు అద్దమువలె అమరియుండు కార్నియా నడుమ ఇంచుమించు అరమిల్లీమీటరు మందము మాత్రమే కలది. కెరటోకోనస్ అను వ్యాధియందు అది ఇంకను పలుచబడి గోపురమువలె ముందునకు పొడుచుకొని వచ్చును. దురదకు కండ్లు నులుముకొను అలవాటు ఈ వ్యాధిని పెంచునని వైద్యులందురు. మా పిల్ల బాల్యమున ప్రతి వేసవియు చార్మినారు దారి దుమ్మును తిట్టుచు కండ్లు నులుముకొనుచునే యుండెను. అట్లు వంకరపోయిన ఉపరితలమునకు పత్థర్‌గట్టీ రాతికమానుల క్రింద కొన్న ఏ ఐనకును చాలలేదు. వీధిదీపములకు తోకలు మొలచినవి. రాత్రివేళ చార్మినారునకు మీనారులు ఎనిమిదైనవి. తెరపై వెలుగును ఆడించి జీవించిన ఎల్.వి. ప్రసాద్‌గారి భూదానముతోడను ధనముతోడను డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో బంజారాహిల్సున నేత్రవైద్యసంస్థను నెలకొల్పిన నగరమిది. కంటివైద్యమునకు ఇచ్చట కొదువ లేదు. అయినను ఆసుపత్రిలో గురువు పట్టి నేర్పిన లెన్సు విద్య ఇంటికి వచ్చిన వెంటనే పిల్ల చేతినుండి జారిపోయెను. నాలుగు దినములు అద్దము ముందు కూర్చుండి, అయిదవనాటి సాయంకాలము నా గదికి వచ్చి ఆమె అడిగిన ప్రశ్నతో ఈ సంవాదము మొదలైనది.

"మామయ్యా, వేలు దగ్గరకు రాగానే రెప్ప పడిపోతోంది. వద్దని చెబుతున్నది నేనే, మూస్తున్నదీ నేనే. ఇంతకీ ఈ రెప్ప ఎవరిది?"

"నీదే, తల్లీ."

"నాదైతే నా మాట వినాలి కదా?"

"రక్షించువాడు మాట వినుటకు నియమింపబడలేదు. కంటికి రెప్పవలె కాచుట యని మనము అనునప్పుడు బిడ్డ అనుమతి నడిగి కాచు తల్లిని గూర్చి అనుచున్నామా? నీవు పుట్టకమునుపే నీ రెప్పకు ఒక్క ఆజ్ఞ అందినది, కంటిమీదికి వచ్చునది ఏదైనను శత్రువే యని. ఆసుపత్రి చీటీని అది చదువలేదు."

ఆమె నవ్వెను గాని తృప్తి చెందలేదు. "అమ్మ ఒకటే గోల, కాటుక లేని ముఖమేమిటని. లెన్సు పెట్టుకునేవాళ్లు రెప్ప లోపలి అంచుకు కాటుక గానీ సుర్మా గానీ పెట్టకూడదట. లాడ్‌బజారు సుర్మా బుడ్లు ఇక చూసి ఆనందించడానికే."

కాటుక మాట వినగానే, ముప్పది సంవత్సరములు సంస్కృతము బోధించి విశ్రాంతి పొందినవానికి ఉండు దురలవాటుచేత, నేను కుర్చీలో నిటారుగా కూర్చుంటిని.

"ఆ కాటుకను పట్టుకొని మన పూర్వులు శతాబ్దములు వాదులాడిరి, ఎరుగుదువా? కన్ను ప్రాప్యకారి యనిరి నైయాయికులు. అనగా కంటి తేజస్సు బయలుదేరి పోయి వస్తువును తాకినగాని చూపు కలుగదని వారి మతము. బౌద్ధులు దీనిని అంగీకరింపలేదు. తాకుటయే చూపునకు కారణమైనచో అన్నిటికంటె బాగుగా కనబడవలసినది కంటిని అంటియున్న కాటుకయే; ఆమడ దూరపు కొండను చూచు కన్ను తన అంచుననే యున్న కాటుకను చూడలేకుండుట యేమని అభిధర్మకోశభాష్యమున వసుబంధుడు ప్రశ్నించెను. గౌతముని న్యాయసూత్రములలో మూడవ అధ్యాయమున ఇంకొక ఆక్షేపణ కలదు: గాజు, అభ్రకపు రేకు, స్ఫటికము అడ్డమున్నను వాటి వెనుకనున్నది కనబడుచున్నది గదా, మరి తాకుట ఎక్కడ? గోడ చాటుది కనబడదు గనుక తాకుట ఆవశ్యకమే, గాజు కిరణమును అడ్డగింపదు గనుక తాకుట సాధ్యమే అని సమాధానము."

"అయితే నా లెన్సు గౌతముడికి ముందే తెలుసన్నమాట."

"తెలియదు. అన్నియు మన గ్రంథములలోనే కలవను వ్యాధి నీ వ్యాధికంటె మొండిది, దానికి లెన్సు కూడ లేదు. ఆయన గాజును కంటికెదుట నిలిపెనేగాని కంటిమీద పెట్టలేదు. పెట్టినవాడు వేరు. 1888లో జ్యూరిచ్ నగరమున అడాల్ఫ్ ఫిక్ అను వైద్యుడు గాజు చిప్పలు చేయించి, మొదట కుందేళ్ల కండ్లకును పిదప తన కండ్లకును తొడిగి చూచెను; చిప్పకు కంటికి నడుమ ద్రాక్షచక్కెర నీరు నింపి రెండు గంటలు ఓర్చుకొనెను. మరుసటి సంవత్సరము కీల్ విశ్వవిద్యాలయమున ఆగస్ట్ ముల్లర్ అను విద్యార్థి, 14 డయాప్టర్ల హ్రస్వదృష్టి కలవాడు, తనకై తానే అట్టివి చేసికొని, కొకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబరచినను అరగంట మించి భరింపలేకపోయెను. తరువాత అతడు కంటివైద్యమును వదలి ఎముకల వైద్యుడాయెను."

"నాకిప్పుడు ఆయనొక్కడే ఆప్తుడిలా ఉన్నాడు. ఎముకలకు రెప్పలుండవు."

ఇచ్చట నేను ప్రేగ్ నగరపు ఒట్టో విఖ్టెర్లె కథయు చెప్పితిని. 1961 క్రిస్మస్ నాడు ఆ రసాయనశాస్త్రజ్ఞుడు వంటగది బల్లమీద, పిల్లల ఇనుపముక్కల ఆటసామానును సైకిలు డైనమోను జతపరచి త్రిప్పుచు, నీటిని పీల్చుకొను మెత్తని పదార్థముతో లెన్సులు పోసినాడు. కాని మా పిల్లకు వలసినది మెత్తనిది కాదు, గాలిని లోనికి పోనిచ్చు గట్టి బిళ్ల. కార్నియాకు రక్తనాళములు లేవు. అది కన్నీటి మూలమున గాలినుండియే ప్రాణవాయువును గ్రహించునట. నిద్రలో లెన్సును ధరింపరాదనుటకు ఇది ఒక కారణము.

"గట్టిదే ఎందుకో తెలుసా?" అని ఈ తడవ ఆమెయే నాకు పాఠము చెప్పసాగినది. "మెత్తనిదైతే నా కార్నియా వంకరలోనే ఒదిగిపోతుంది, వంకర అలాగే మిగులుతుంది. గట్టిది వంగదు. దానికీ కంటికీ మధ్య ఉన్న ఎగుడుదిగుడు ఖాళీని కన్నీరు నింపి చదును చేస్తుంది. నాకు చూపు ఇచ్చేది సగం ఆ కన్నీరే, మామయ్యా. బిళ్ల దానికి మూత."

నేను కొంతసేపు మాటాడలేదు. దీనికి స్పర్శకటకమని ఒక చక్కని పేరు మనసులో కల్పించుకొని చెప్పుటకు సమయము చూచుచుంటిని. తీరా చూడగా స్పర్శయే సందేహాస్పదమాయెను. రెంటి నడుమ జలము కలదు. నా నైయాయికులు దీనికేమందురు?

"ఏమంటారు?" అని ఆమెయు అడిగెను. "కంటి నుంచి కిరణం పోదని బడిపిల్లలకీ తెలుసు. వెలుగే లోపలికి వస్తుంది."

"వారి భౌతికశాస్త్రము పోయినది, ఒప్పుకొంటిని. ప్రశ్న పోలేదు. నీ వ్రేలు వచ్చునప్పుడు ఏమి కనబడుచున్నది, చెప్పుము."

"మొదట వేలు. తర్వాత పెద్ద వేలు. తర్వాత మసక. ఆ తర్వాత వేలే లేదు, చల్లటి చుక్క తగులుతుంది. చూపు ఆగిన చోట తాకడం మొదలవుతుంది."

"అట్లైన వసుబంధుడే గెలిచెను."

"తొందరపడకండి. నాకో సంగతి గుర్తొస్తోంది. బడిలో ఉన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకుపోయారు. రెబెక్కా విగ్రహం చూసి అందరూ అబ్బ అన్నారు, నేనూ అన్నాను."

మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొని తెచ్చిన ఆ పాలరాతి ప్రతిమను, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినదానిని, నగరమున చూడనివారు అరుదు. మేలిముసుగు, దాని చాటున ముఖము, రెండును ఒకే శిల. రాతికి పారదర్శకత లేదు, అయినను ముసుగులోనుండి ముఖమును చూచితిమని ప్రతివాడును ప్రమాణము చేయును. గాజు మాట సరి, రాతి మాట గౌతమునికి ఎట్లు చెప్పవలెనో నాకు తెలియదు.

"నాకు ముసుగు కనబడనే లేదు, మామయ్యా. తెల్లటి ముద్ద కనబడింది. దానికే అందరూ మురిసిపోతున్నారేమో అనుకున్నాను. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. నాకు తక్కువ కనబడుతోందని ఇంకో పదేళ్లకు గానీ తెలియలేదు."

శాస్త్రమున భ్రాంతికి ఇద్దరు చంద్రులను దృష్టాంతముగా చూపుట వాడుక; తిమిరరోగికి ఆకసమున చంద్రులిద్దరు కనబడుదురని నేను తరగతి వెనుక తరగతికి వల్లెవేయించినవాడను. ఆ దృష్టాంతము మా యింటనే, నా ప్రక్కనే అన్నము తినుచు, అందరును చంద్రులను ఇద్దరినే చూతురు గాబోలునని నమ్మి పెరిగినదని నాకు ఆ క్షణమువరకు తెలియదు. ఏమి అనవలెనో తోచక లేచి కిటికీ తెరచితిని.

ఆమె ఆ రాత్రియే ఎడమకంట లెన్సును నిలుపుకొనెను. చేతులు సబ్బుతో కడిగి, నూగు లేని గుడ్డతో తుడుచుకొని, మొలకెత్తిన బుద్ధితో బల్లపై తెల్లని గుడ్డ పరచి, ఒక చేత పై రెప్పను వెంట్రుకల మొదటనే గట్టిగా పట్టి, వ్రేలివంక గాక అద్దములోని రెండవ కంటివంక చూచుచు పెట్టినదట. రెప్పతో పోరాడుట మానితినని చెప్పినది. రెండు కండ్లును ధారలు గట్టినవి; రెప్ప అంచున ఇసుక గరగరలాడినట్లుండె ననినది. మొదటినాడు రెండు గంటలకు మించరాదని ఆసుపత్రివారి కట్టడి.

గంటన్నర కావచ్చునప్పుడు నా గదికి వచ్చి, "ఇందాక కొంతసేపు అది ఉన్నదని మరచిపోయాను" అనెను.

"మరచితివని ఎప్పుడు తెలిసెను?"

"మళ్లీ గుచ్చుకున్నప్పుడు."

ఈ సమాధానమును నేను వ్రాసికొనుటకు కాగితము తీయుచుండగా, ఆమె కుడికన్ను అరచేత మూసికొని, ఎడమకంటితో నన్ను పరకాయించి చూచి, ముఖము చిట్లించెను.

"మామయ్యా, మీ ఐనకు నిండా వేలిముద్రలే. దీంతోనా చదువుతున్నారు?"

తీసి చూచితిని. నిజమే. పంచె చెరగుతో తుడువబోగా గీతలు పడునని చేతినుండి లాగుకొని, ముంగిటి పంపుక్రింద పట్టి కడుగసాగెను. లెన్సునకు కుళాయినీరు విషమని, అందులోని సూక్ష్మజీవి కంటినే తినివేయునని ప్రొద్దుట నుండి ఇంటిల్లిపాదికి బోధించినది నీవే గదా యంటిని.

"లెన్సుకు," అనెను, అద్దములను దీపమునకెదురుగా పట్టి చూచుచు. "వీటికేం, ముక్కుమీద కూర్చునేవే కదా."