నీ వంతు తప్పకు, నాన్నా

క్యాంపస్ రేడియోలో చేరావట. జీతం లేదు, వారానికి ఒక్క గంట, అదీ ఎండ మండిపోయే మధ్యాహ్నం పూట. అయినా నీ మొహం వెలిగిపోతోంది. వెలగనీ. చదువుకునే వయసులో డబ్బు లెక్క లేకుండా చేసే పని ఒక్కటైనా ఉండాలి. ఆ సంతోషం రేపు ఉద్యోగంలో చేరాక వెతుక్కున్నా అంత తేలిగ్గా దొరకదు. కాకపోతే నీతో ఒక మాట ఉంది. ఇలా అరుగు మీద కాసేపు కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు.

నీ వంతు తప్పకు. నేను చెప్పేదంతా తిప్పి తిప్పి అదే.

జీతం ఇవ్వరు కదా, ఈ ఒక్క వారం పోకపోతే ఏమవుతుంది అనిపించే రోజు ఒకటి వస్తుంది. ఇంటర్నల్స్ ఉంటాయి, స్నేహితుడి పుట్టినరోజు ఉంటుంది, వాన పట్టుకుంటుంది. జీతమిచ్చే చోట రాకపోతే జీతం కోస్తారు, అక్కడితో లెక్క తీరిపోతుంది. ఇక్కడ కోయడానికి ఏమీ లేదు, నీ మాట ఒక్కటే పూచీ. చెరువు కింద పొలాలున్న ఊళ్లలో నీళ్ల వంతు ఉంటుంది చూశావా, అర్ధరాత్రి రెండింటికి వచ్చినా సరే లాంతరు పట్టుకుని లేచి వెళ్లి మడవ తిప్పుకోవాల్సిందే. నువ్వు నిద్రపోతే వరస మొత్తం చెదురుతుంది. ఇదీ అంతే. నువ్వు రాకపోతే నీ ముందు గంట చేసిన పిల్ల తన క్లాసు మానుకుని నీ కుర్చీలో కూర్చోవాలి. ఆ పిల్ల నిన్ను ఏమీ అనకపోవచ్చు. అనదని అలుసు తీసుకోకు.

ఇంతకీ నీ మాట ఎవరికి చేరుతుందో ఎప్పుడైనా ఆలోచించావా? హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ ఉంది కదా, 90.4 మీద వస్తుంది. అలాంటి స్టేషన్లకు ప్రసార బలం మామూలుగా 100 వాట్ల దాకానే అనుమతిస్తారు. గట్టిగా పోతే పది పన్నెండు కిలోమీటర్లు. మీ నాయనమ్మ ఊరికి అది రాదు. దుబాయిలో ఉన్న మీ బాబాయికి అసలే రాదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతని గదిలోకి వస్తుంది, మెస్సులో చపాతీలు వత్తే ఆవిడ దగ్గరికి వస్తుంది, ఆటో స్టాండుకి వస్తుంది, పక్క బస్తీలో మిషను కుట్టుకునే అమ్మాయి దగ్గరికి వస్తుంది. రోజూ నువ్వు పక్కనుంచి వెళ్తూ తలెత్తి చూడని మనుషులు వీళ్లే. ముందు వాళ్ల పేర్లు తెలుసుకో. ఆ తర్వాత మైకు ముందుకు వెళ్లు, మాట దానంతటదే మారుతుంది. మనవాళ్లు న్యాయపతి రాఘవరావు గారిని రేడియో అన్నయ్య అన్నారు, కామేశ్వరి గారిని రేడియో అక్కయ్య అన్నారు. పదవి పేరు పెట్టి పిలవలేదు, వరస పెట్టి పిలిచారు. మొహం కూడా చూడని మనిషి నిన్ను వరస పెట్టి పిలవడం కన్నా పెద్ద సంతోషం ఈ పనిలో ఏముంటుంది చెప్పు!

టైముకి కుర్చీలో కూర్చున్నంత మాత్రాన వంతు తీరినట్టు కాదు. పావుగంట ముందే వెళ్లు. మైకుకి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిరిగి కూర్చో. 'ప', 'భ' లాంటి అక్షరాలు సూటిగా ఊదావంటే వినేవాళ్ల చెవిలో దబ్బుమంటాయి. కాగితాలకు పిన్ను కొట్టకు, పేజీ తిప్పిన చప్పుడు కూడా గాల్లోకి పోతుంది. ఈ పాట అయిపోయేలోపు తర్వాతిది సిద్ధంగా ఉందో లేదో చూసుకో. నాలుగు క్షణాలు ఏమీ వినపడకపోతే అవతలివాళ్లు స్టేషను మార్చేస్తారు. ఇవన్నీ చిన్న పనులే, కానీ పరుగెత్తుకుంటూ వచ్చినవాడికి ఒక్కటీ కుదరదు. ఆయాసం గొంతులో తెలిసిపోతుంది నాన్నా, దాచలేవు.

వాణిజ్య ఎఫ్.ఎం. వాళ్ల వేగం నీకెందుకు? వాళ్లకు నిమిషానికి లెక్కుంటుంది. నీకు లేదు, అదే నీ భాగ్యం. నెమ్మదిగా మాట్లాడు. నవ్వు తెప్పించడానికి ఎవర్నీ ఎగతాళి చేయకు, ముఖ్యంగా యాసని. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ స్టేషను వాళ్లు మూడు నెలలు భద్రపరచాలని నియమం ఉంది. నువ్వు జాగ్రత్తగా ఉండాల్సింది దానికి భయపడి కాదు. నొచ్చుకున్న మనిషి మూడు నెలలకి మర్చిపోడు.

ఇంకో మాట. నువ్వు ఇంట్లో ఎలా ఉంటావో మైకు ముందూ అలాగే ఉంటావు. మీ తాత ఏదో చెప్పబోతుంటే సగంలోనే "తెలుసు తాతయ్యా" అంటావు చూడు, ఇంటర్వ్యూకి వచ్చిన మనిషి దగ్గరా అదే చేస్తావు. ఈసారి ఊరెళ్లినప్పుడు తాతని కూర్చోబెట్టి చెరువు గురించి అడుగు. అడిగి ఊరుకో. ఆయన ఆగుతాడు, దగ్గుతాడు, ఎటో చూస్తాడు. నువ్వు మాత్రం నోరు తెరవకు. ఆ ఆగిన తర్వాత వచ్చే మాట కోసమే నువ్వు వెళ్లింది. నీ కార్యక్రమం రికార్డు చేసి మీ అమ్మకూ పంపు. "అన్నం తినకుండా మాట్లాడినట్టుంది నీ గొంతు" అంటుంది. అంతకన్నా శ్రద్ధగా నిన్ను ఎవరు వింటారు?

నీకు తేలిగ్గా దొరికిన ఈ గంట వెనక చాలా కథ ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. చదువుల సంస్థలు స్టేషను పెట్టుకునే వీలు 2002 చివర్లో వచ్చింది, 2004 ఫిబ్రవరిలో చెన్నై అన్నా యూనివర్సిటీలో ప్రసారం మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకైతే 2006 దాకా తలుపు తెరుచుకోలేదు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో ఉంది, దాని గురించి తెలుసుకో. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళా రైతులు, లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేశారు. ప్రసారం చేసుకునే దారి లేదు. ఆ క్యాసెట్లు పట్టుకెళ్లి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబర్ 15న వాళ్ల గొంతు గాల్లోకి వెళ్లింది. అదీ 90.4 మీదే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దాన్ని నడిపారు. విత్తనాల గురించి, కొర్రల గురించి, జొన్నల గురించి వాళ్ల యాసలోనే మాట్లాడారు. పొద్దంతా పొలంలో వంగి పనిచేసి వచ్చి మైకు పట్టుకున్న చేతులవి. వాళ్లు అంతకాలం ఓపిక పట్టారు, నువ్వు వారానికి ఒక్క గంట పట్టలేవా?

పడతావు, నాకు తెలుసు. నీ మనసు మంచిదే, కాళ్లకే తొందరెక్కువ.

దసరా సెలవులకి టికెట్టు కొంటానన్నావు కదా. కొనే ముందు నీ గంట ఎవరికి అప్పజెబుతున్నావో చూసుకో. కొత్తగా చేరిన పిల్లల్లో ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకుని రెండు వారాలు నేర్పు, మైకు దగ్గర ఎలా కూర్చోవాలో కూడా చూపించు. వాళ్లకి ధైర్యం వచ్చాకే బస్సెక్కు. ఒక రోజు ఆలస్యంగా వస్తావని మీ అమ్మకి నేను చెప్తాలే.