తాగిన నీటి రుణం

విలువల గురించి మన సంఘం సంచికకు రాయమంటే మనందరి కలం ఒకే దారిన పోతుంది. పెద్దలకు నమస్కారం, పండక్కి పట్టుపావడా, ఆదివారం తెలుగు బడి, పిల్లల నోట నాలుగు పద్యాలు. ఇవన్నీ కావలసినవే. వీటికోసం వారాంతాలు ధారపోస్తున్న తల్లిదండ్రులంటే నాకెంతో గౌరవం. అయితే ఇందులో ఒకటి ఎప్పుడూ కనిపించదు. మనం చూసి మురిసిపోయే చోటు ఎవరిదో, మనం తాగే నీళ్ళ కోసం ఎవరి గడపలు మునిగాయో కనుక్కోవడం. అది కూడా విలువేనని నాకు గట్టిగా తెలిసింది మా శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత స్నేహితులతో చేసిన ఒక కారు ప్రయాణంలో.

విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్ళం. ఒకడు డాలస్‌లో, ఒకడు మెల్‌బోర్న్‌లో, నేను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర స్థిరపడ్డాం. టెక్కలివాడు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయాడు. సంక్రాంతికి అందరం ఇళ్ళకు చేరినప్పుడు వాడే పట్టుబట్టాడు. "బాన్ఫ్ చూసొచ్చారు, స్విట్జర్లాండ్ చూసొచ్చారు. మన వంశధార గట్టు మీద ఎప్పుడైనా కూచున్నార్రా?" అన్నాడు. బండి మాట్లాడింది వాడే. బండితోపాటు వచ్చిన డ్రైవరుది హిరమండలం వైపని చెప్పాడు. అప్పుడు ఆ మాట మేమెవరం పట్టించుకోలేదు.

గంట్యాడ దాటి తాటిపూడి చేరేసరికి ఇంకా మంచు విడలేదు. చుట్టూ తూర్పు కనుమలు, నడుమ నిశ్చలంగా గోస్తని నీళ్ళు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి వచ్చే నది ఇది. 1960ల్లో ఇక్కడ జలాశయం కట్టారు. చుట్టుపక్కల పొలాలు తడవగా, విశాఖపట్నం నగరానికి తాగునీళ్ళు వెళ్తాయి. మెల్‌బోర్న్ మిత్రుడిది విశాఖలో కాపురం పెట్టిన కుటుంబం. చిన్నప్పుడు వాళ్ళ వీధి కొళాయి దగ్గర బిందెల కోసం జరిగిన తగువులు గుర్తున్నాయి గానీ, ఆ నీళ్ళలో కొంత ఈ కొండల నడుమ నుంచి వచ్చిందని అప్పటిదాకా తనకు తెలియదన్నాడు.

అక్కణ్ణుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా తోటపల్లి. నాగావళి మీద 1908 నాటి పాత రెగ్యులేటరు ఉన్నచోటే ఇప్పుడు పెద్ద బ్యారేజి ఉంది. బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న పేరు దానికి పెట్టారు. ఎండ ఎక్కుతోందని అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. పాలకొండ దాటాక రోడ్డు సీతంపేట కొండలెక్కుతుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా నోట ఇప్పటికీ శ్రీకాకుళమే.

సీతంపేట కొండలు సవర గిరిజనులవి. వాలుల మీద పోడు, పసుపు, అనాస, జీడిమామిడి. సంతకు దిగే ఆడవాళ్ళ నెత్తిన కొండచీపుర్ల మోపులు. ఈ కొండల్లో నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. పటానికి దండ వేస్తాం, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం చెబుతాం. అదంతా ఆయనకు న్యాయంగా దక్కవలసిన గౌరవమే. కానీ 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఈ మనిషి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, కొండ మీది సవరల మాట నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. నిఘంటువు కూడా కూర్చారు. తన భాషను అంతగా ప్రేమించినవాడు పక్క కొండ మీది భాష ముందు విద్యార్థిగా కూర్చున్నాడు. ఆయన జీవితంలో ఈ సగాన్ని మన వేదికల మీద ఎందుకు చెప్పం? పరాయి దేశంలో బతుకుతున్న మనకు మొదట కావలసింది ఈ సగమే. నా మాతృభాషను నా పొరుగువాడు గౌరవించాలని కోరుకునే ముందు, నా పొరుగువాడి భాషలో నాకు నాలుగు మాటలు వచ్చి ఉండాలి. మా వీధిలో స్పానిష్ మాట్లాడే తోటమాలి ఉన్నాడు. మా పిల్లలకు అతని పేరు తెలుసు, నాకు తెలియదు. ఈ విషయంలో నాకంటే మా పిల్లలే గిడుగు దారికి దగ్గరగా ఉన్నారు.

కొత్తూరు మీదుగా కిందికి దిగితే హిరమండలం. గొట్టా బ్యారేజికి దగ్గర్లోనే వంశధార ప్రాజెక్టు రెండో దశ కింద కట్టిన జలాశయం ఉంది. పందొమ్మిది టీఎంసీల నీళ్ళు పట్టేది. కట్ట మీద బండి ఆపి కిందికి దిగాం. ఒక పక్క కొండలు, ఎదర కనుచూపు మేర నీళ్ళు, సాయంత్రపు వెలుగు. ఫోనులు బయటకొచ్చాయి. డాలస్ మిత్రుడు, "లేక్ టాహోకి ఏమాత్రం తీసిపోదు" అన్నాడు. నిజమే, అంత అందంగానూ ఉంది.

డ్రైవరు మాతో ఫొటోల్లోకి రాలేదు. రాతి కట్టుబడి అంచున నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాడు. టెక్కలివాడు వెళ్ళి పలకరిస్తే అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఊరు ఈ నీళ్ళ కింద ఉంది. ఊరు ఖాళీ చేసిన రోజుల్లో జనం మొదట ఇళ్ళ తలుపులు, ద్వారబంధాలు ఊడదీసి ట్రాక్టర్లకెక్కించారట. పెంకులు, దూలాలు ఆ తరవాత. అమ్మోరిని మాత్రం ఆఖర్న, మేళంతో తీసుకెళ్ళారట. "పరిహారం ఒచ్చింది సార్, కాదన్ను. కాలనీలో ఇల్లూ కట్టుకున్నాం. కాకపోతే పక్కింట్లో ఎవులున్నారో ఇంకా అలవాటవ్వలేదు. ఊళ్ళో అయితే మాకు గోడకి గోడ మేనమావోలే" అన్నాడు. మరో మాట కూడా చెప్పాడు. ఇప్పటికీ పెళ్ళి కార్డు అచ్చేయిస్తే మునిగిపోయిన ఊరి పేరే వేయిస్తారట. కింద చిన్న అక్షరాల్లో కాలనీ పేరు.

మా పెళ్ళి కార్డుల్లోనూ అంతే కదా. మేం వదిలొచ్చిన ఊళ్ళ పేర్లే పైన ఉంటాయి. కాకపోతే మా ఊళ్ళను మేం మా ఇష్టం కొద్దీ వదిలాం. కావాలంటే విమానం టిక్కెట్టు కొనుక్కుని తిరిగి రాగలం. అతను రాలేడు.

ఆ కట్ట మీదే నాకు మా ఇంటి కొళాయి గుర్తొచ్చింది. మేం తాగే నీళ్ళు యోసెమిటీ పార్కులోని హెచ్ హెచీ లోయ నుంచి వస్తాయి. జాన్ మ్యూర్ లాంటి ప్రకృతి ప్రేమికులు వద్దని ఎంత పోరాడినా, 1913లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆ లోయను శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఇచ్చింది. 1923కల్లా ఆనకట్ట లేచింది. మునిగిన అందం గురించి మ్యూర్ రాసినవి ఇప్పటికీ చదువుతారు. ఆ లోయలో తరతరాలుగా ఓక్ చెట్ల గింజలు ఏరుకుని, వేటాడి బతికిన మివోక్, పైయూట్ జనం గురించి అంతగా ఎవరూ చెప్పరు. ఇన్నేళ్ళుగా ఆ నీళ్ళతో అన్నం వండుకుంటున్నాం, ఆ నీళ్ళతోనే సంకల్పం చెప్పుకుని పూజలు చేస్తున్నాం. మాకు పుట్టిన పిల్లల ఒంట్లో ఉన్నది ఆ నీరే.

రాత్రి టెక్కలిలో పడుకుని, తెల్లారకముందే తేలినీలాపురం వెళ్ళాం. ఊరి చింతచెట్ల నిండా గూళ్ళు, గూళ్ళ నిండా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు, బోర్డుల మీదా పత్రికల్లోనూ అదే కనిపిస్తుంది. ఇవి దక్షిణాసియా పక్షులే. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ పిల్లల్ని పెట్టుకుని, నౌపడా వైపు ఉప్పునీటి చిత్తడుల్లో చేపలు పట్టుకుని బతుకుతాయి. ఎంత దూరం నుంచి వచ్చాయన్నది పెద్ద విషయం కాదు. ఊళ్ళోవాళ్ళు వాటిని ఎలా చూసుకుంటున్నారన్నదే గొప్ప సంగతి. చెట్టు కింద నేలంతా రెట్టలతో తెల్లబడిపోయి ఉంటుంది. చేపల కంపు వీధి మొదటి నుంచే తెలుస్తుంది. పొద్దస్తమానం అరుపులు. అయినా ఎవరూ కొమ్మ నరకరు, రాయి విసరరు. వాకిలి ఊడుస్తున్న పెద్దావిడను, ఇంత కంపు ఎలా భరిస్తున్నారని డాలస్ మిత్రుడు అడిగాడు. "పురిటికొచ్చిన పిల్లని కంపని గెంటేత్తామా బాబూ?" అందావిడ, చీపురు ఆపకుండానే.

ప్రతి ఆగస్టులో అమెరికాలోని మన ఊళ్ళకు చదువుకోవడానికి కొత్తగా దిగే పిల్లలు ఈ సందర్భంలో నాకు గుర్తొచ్చారు. ఒక్క పడక గదిలో నలుగురు సర్దుకుంటారు, వంట రాదు, అపార్టుమెంటు వరండాలో చెప్పులు వదులుతారు. వాళ్ళ గురించి మన పార్టీల్లో సాగే సణుగుడు మీరూ విన్నారు. తేలినీలాపురం పెద్దావిడ మాట ఆ సణుగుడు దగ్గర గుర్తు తెచ్చుకోవాలి.

పలాస దాటాక ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య సన్నటి దారులు, పడమటి ఆకాశంలో మహేంద్రగిరి. 1,501 మీటర్ల ఆ కొండ ఒడిశాలో ఉన్నా, మబ్బు లేని రోజు ఈ తోటల్లోంచి దాన్ని చూడనివాళ్ళుండరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని ఒక్క రాత్రిలో నేలకూల్చింది. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు పడిపోతే పదేళ్ళు పడిపోయినట్టే. తుపానుకు ముందూ వెనకా కూడా ఇక్కడ మరో కష్టం ఉంది, కిడ్నీ జబ్బు. కారణం ఇదమిత్థమని ఇంతవరకూ తేలలేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, వాటితోపాటు హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా మంచినీళ్ళు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

టెక్కలివాడి మేనత్తది ఉద్దానంలో ఒక చిన్న ఊరు. డయాలసిస్‌కు పలాస వెళ్ళొస్తూ ఉంటుంది. చేతి మీద సూది గుచ్చే చోట నరం ఉబ్బి ఉంది. ఆ చేత్తోనే మాకు కొళాయి నీళ్ళు ముంచి ఇచ్చింది. బయట నిలబడ్డ డ్రైవరును కూడా లోపలికి పిలిచి గ్లాసు అందించింది. అతను తాగి, గ్లాసు కింద పెడుతూ, "మా హిరమండలం నీళ్ళే కదమ్మా ఇవి" అన్నాడు. మీదే ఊరు బాబూ అని ఆమె అడిగింది. పేరు చెప్పాడు. ఆ పేరు ఆమె పేపర్లోనో టీవీలోనో విన్నట్టుంది. కాసేపు అతని మొహంకేసి చూసి, "అంటే మీ ఊరు పోతే మాకు నీళ్ళొచ్చినాయన్నమాట" అంది. అని ఊరుకోలేదు. అతనికి విడిగా ఆకు వేయించి, దగ్గర కూచుని వడ్డించమని కోడలికి చెప్పింది. బయల్దేరేటప్పుడు గెల కొబ్బరిబొండాలు బండిలో పెట్టించింది. అవి మాకు కాదు, అతని ఇంటికి.

ఆవిడ బడికి వెళ్ళలేదు. రుణం అంటే ఏమిటో ఆవిడకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. నీళ్ళ వెనక మనిషి ఉన్నాడని తెలియగానే ఏం చెయ్యాలో చేసింది.

తిరుగు ప్రయాణానికి ముందు సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల చూశాం. చూడ్డానికి ఏముంది, నీళ్ళూ గడ్డీ అని ఎవరైనా అనొచ్చు. ఆ నీళ్ళలో చేపలున్నాయి, అంచుల్లో వరి ఉంది, గట్ల మీద పశువుల మేత ఉంది. కాగితాల మీద మాత్రం అది పనికిరాని భూమి అయింది, థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టబోయారు. రైతులు, మత్స్యకారులు అడ్డం నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే పర్యావరణ అనుమతి రద్దయింది. బీల బీలగానే మిగిలింది. మేం వెళ్ళిన పొద్దున అక్కడ ఒకాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వల విసురుతున్నాడు.

సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. సెలవులకు ఇంటికి వెళ్ళేవాళ్ళు మీ మీ జిల్లాల్లో చెరువులూ కొండలూ పిల్లలకు చూపించండి. చూపించినప్పుడు అక్కడివాళ్ళతో కాసేపు కూర్చోండి, మాట్లాడించండి, వాళ్ళు చెప్పింది వినండి. ఇక్కడ కూడా ఈ కార్తీకంలో వనభోజనాలకు ఏదో ఒక చెరువు గట్టుకే వెళ్తాం. పులిహోర పొట్లాలు విప్పే ముందు ఐదు నిమిషాలు తీసుకుని, మనం కూర్చున్న నేల ఓలోనీ ఆదివాసులదని, మన సీసాల్లో నీళ్ళు హెచ్ హెచీవని పిల్లలకు చెబుదాం. ఎవరు చెప్పాలన్న మొహమాటం అక్కర్లేదు. ఈ ఏడాదికి నేను చెబుతాను. వచ్చే ఏడాదికి మీలో ఒకరు ఇప్పుడే పేరివ్వండి.